తొడ కండరాల బలానికి విద్యుత్ ప్రేరణ, వ్యాయామం

తొడ ముందు భాగంలోని కండరాలు బలహీనపడినప్పుడు, చర్మం మీద అతికించిన ప్యాడ్ల ద్వారా కొద్దిపాటి విద్యుత్తు పంపి వాటిని బిగిసేలా చేస్తారు. ఆ బిగింపును రోగి తనంతట తాను చేసే వ్యాయామంతో జోడించడం ఫిజియోథెరపీలో బాగా పరిశోధన జరిగిన చికిత్సల్లో ఒకటి. వైద్య పరిభాషలో దీన్ని నాడీ కండర విద్యుత్ ప్రేరణ అంటారు. క్లినిక్‌లలో స్టిమ్యులేషన్ అంటారు. మోకీలు మార్పిడి ఆపరేషన్ తర్వాత, ఆటగాళ్లకు మోకాలి లిగమెంట్ సరిచేశాక దీని వాడకం ఎక్కువ. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుతోనో గుండె వైఫల్యంతోనో నాలుగడుగులు వేయలేని స్థితికి వచ్చినవారికి కూడా వాడతారు. సుమారు యాభై ఏళ్ల పరిశోధన సారం ఇది: మెదడు ఆజ్ఞ కండరానికి సరిగా చేరని రోజుల్లో విద్యుత్తు మంచి తోడు. ఆ ఆజ్ఞ చక్కగా చేరుతున్నవారికి మాత్రం బరువుతో చేసే మామూలు వ్యాయామమే ఎక్కువ ఫలితమిస్తుంది.

క్వాడ్రిసెప్స్

తొడ ఎముకను ముందు నుంచి, పక్కల నుంచి కప్పి ఉండే నాలుగు కండరాల జట్టు పేరు క్వాడ్రిసెప్స్. బయటి వైపున వాస్టస్ లేటరాలిస్, లోపలి వైపున వాస్టస్ మీడియాలిస్, ఈ రెంటి నడుమ లోతున వాస్టస్ ఇంటర్మీడియస్, పైపైన తుంటి నుంచి దిగివచ్చే రెక్టస్ ఫెమోరిస్ ఉంటాయి. నాలుగూ కిందికి వచ్చి ఒకే దళసరి పట్టీగా కలిసి, మోకాలి చిప్పను తమలో ఇముడ్చుకుని, మోకాలి దిగువన కాలి పెద్ద ఎముకకు అతుక్కుంటాయి. వీటన్నిటికీ ఆజ్ఞలు మోసేది ఫెమోరల్ నరం. అది నడుములోని రెండు, మూడు, నాలుగో వెన్ను నరాల మూలాల నుంచి బయల్దేరుతుంది.

మోకాలిని చాచడం ఈ జట్టు పని అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నిత్యజీవితంలో అంతకంటే పెద్ద పని మోకాలు ఒక్కసారిగా మడత పడిపోకుండా ఆపడం. మెట్లు దిగేటప్పుడు, కుర్చీలో మెల్లగా కూర్చునేటప్పుడు ఒంటి బరువును మోసేది ఇదే. ఇది సన్నగిల్లినవారు మెట్లు ఎక్కడం కంటే దిగడానికే ఎక్కువ భయపడతారు. నేల మీద బాసింపట్టు వేసుకుని లేవాలన్నా, ఆర్టీసీ బస్సు మెట్టు ఎక్కాలన్నా ముందు పిలుపు వెళ్లేది దీనికే. తెలుగు వ్యాయామశాలల్లో తరతరాలుగా తీయిస్తున్న బస్కీలు ప్రధానంగా ఈ కండరానికీ పిరుదులకూ సంబంధించినవే.

కండరం ఉండీ పనిచేయని స్థితి

మోకాలికి దెబ్బ తగిలినా, ఆపరేషన్ జరిగినా, లోపల నీరు చేరినా తొడ కండరం కొద్ది రోజుల్లోనే వదులైపోతుంది. పడుకోబెట్టి ‘కాలు బిగించండి’ అంటే మనిషి మొహం బిగుస్తుంది గానీ తొడ కదలదు. చాలామంది దీన్ని నొప్పి వల్ల వచ్చిన భయమనో, బద్ధకమనో అనుకుంటారు. నిజానికి అది వెన్నుపాములో జరిగే వ్యవహారం. కీలు పొరలో సాగుదలను, ఒత్తిడిని పసిగట్టే నరాల కొసలుంటాయి. కీలు వాచినప్పుడు అవి పంపే సంకేతాలు వెన్నుపాములోని మధ్యవర్తి కణాల ద్వారా క్వాడ్రిసెప్స్‌ను నడిపే కణాలను అణచివేస్తాయి. నొప్పి లేకపోయినా ఈ అణచివేత ఆగదు.

స్పెన్సర్, అతని సహచరులు 1984లో ప్రచురించిన ప్రయోగం దీన్ని స్పష్టంగా చూపింది. ఆరోగ్యంగా ఉన్న మోకాళ్లలోకి ఉప్పునీటి ద్రావణం ఎక్కించి చూస్తే, 20 నుంచి 30 మిల్లీలీటర్ల దగ్గరే వాస్టస్ మీడియాలిస్ స్పందన తగ్గిపోయింది. మిగతా భాగాల స్పందన తగ్గడానికి 50, 60 మిల్లీలీటర్లు కావలసి వచ్చింది. అంటే రెండు టేబుల్ స్పూన్ల నీరు చేరితే చాలు, చిప్పను లోపలివైపు పట్టి ఉంచే భాగం చల్లబడిపోతుంది. మోకాలి రోగుల్లో తొడ లోపలి వైపు గుంట పడినట్టు ముందుగా కనిపించడానికి ఇదొక కారణం.

మోకీలు మార్పిడి తర్వాత ఈ సమస్య ఎంత పెద్దదో అమెరికాలోని డెలవేర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో లెక్కగట్టారు. ఆపరేషనైన నెలకు క్వాడ్రిసెప్స్ బలం అంతకు ముందున్న దానిలో 60 శాతానికి పైగా పడిపోయింది. కండరం పరిమాణం తగ్గింది మాత్రం పదో వంతే. కండరం కరిగిపోవడం వల్ల వచ్చిన బలహీనత కాదది, చాలావరకు దాన్ని కదిలించే ఆజ్ఞ అందక వచ్చినది. ఈ వ్యాసంలోని చికిత్సకు అసలు సమర్థన ఈ ఒక్క పరిశీలనలోనే ఉంది. ఆజ్ఞ అందని కండరానికి ‘ఇంకా గట్టిగా వ్యాయామం చేయండి’ అని చెప్పడం వల్ల ఒనగూరేది తక్కువ. ఆపరేషన్ తర్వాత ఇంట్లోవాళ్లు పెద్దవాళ్ల మీద విసుక్కునే ముందు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

విద్యుత్తు ఈ అడ్డును తీసేయదు, దాటుకుని వెళ్తుంది. అణచివేత వెన్నుపాములో ఉంటే, ప్యాడ్ల కింద ప్రవహించే కరెంటు అంతకు దిగువన, తొడలోకి చేరిన నరం కొమ్మలను నేరుగా తాకుతుంది. అక్కడి నుంచి కండరానికి అందే సంకేతం మెదడు నుంచి వచ్చిందా, యంత్రం నుంచి వచ్చిందా అన్నది కండరానికి పట్టదు.

చరిత్ర

ఇటలీలోని బొలోన్యా నగరంలో లూయీజీ గాల్వానీ కప్ప కాళ్ల మీద చేసిన ప్రయోగాలను 1791లో ప్రచురించాడు. విద్యుత్తుతో కండరం కదులుతుందన్న సంగతి ఆ పుస్తకంతోనే యూరప్ అంతటా చర్చకు వచ్చింది. అతని మేనల్లుడు జొవాన్నీ ఆల్డీనీ 1803లో లండన్‌లో, ఉరితీసిన ఖైదీ మృతదేహం మీద అదే పని బహిరంగంగా చేసి జనాన్ని హడలగొట్టాడు. వైద్యానికి పనికొచ్చే విద్యుత్తు మాత్రం 1831లో మైకేల్ ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్న తర్వాతే చేతికందింది. మన ఫిజియోథెరపీ క్లినిక్‌లలో ఇప్పటికీ వినిపించే ‘ఫారడిక్ కరెంటు’ అనే మాట ఆయన పేరు మీద వచ్చిందే.

ఫ్రెంచి వైద్యుడు దుషెన్ ద బులోన్ తడి ఎలక్ట్రోడ్లను చర్మం మీద ఆనించి ఒక్కో కండరాన్ని విడిగా కదిలించడం సాధించాడు. ఆ పద్ధతిని 1855లో పుస్తకంగా వెలువరించాడు. కొన్ని చోట్ల ఎలక్ట్రోడ్ పెడితే తక్కువ కరెంటుకే కండరం బిగుస్తుందని అతను గమనించాడు. ఆ చోట్లు నరం కండరంలోకి దిగే స్థానాలని జర్మనీలో రోబెర్ట్ రెమాక్ వివరించాడు, హూగో ఫాన్ జీమ్సెన్ వాటిని 1857లో శరీరమంతటా గుర్తించి పటాలు గీశాడు. వాటినే మోటార్ పాయింట్లు అంటారు. నేటి ఫిజియోథెరపీ విద్యార్థులు బట్టీ పట్టే పటాలకు మూలం అవే.

1960 ప్రాంతంలో న్యూయార్క్ సర్జన్ ఏడ్రియన్ కాంట్రోవిట్జ్, వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడ్డ వ్యక్తిని క్వాడ్రిసెప్స్‌కూ పిరుదు కండరాలకూ కరెంటు ఇచ్చి కొన్ని నిమిషాలపాటు నిలబెట్టాడు. ఆ దారిలోనే తర్వాత విద్యుత్తుతో సైకిల్ తొక్కించే యంత్రాలు వచ్చాయి. 2016లో స్విట్జర్లాండ్‌లో జరిగిన సైబథ్లాన్ పోటీల్లో కాళ్లు చచ్చుబడ్డ క్రీడాకారులు అలాంటి సైకిళ్ల మీద పందెం వేసుకున్నారు.

బలవంతులను మరింత బలవంతులను చేయడానికి విద్యుత్తు వాడాలన్న ఆలోచన సోవియట్ యూనియన్‌ది. శాస్త్రవేత్త యాకోవ్ కోట్స్ 1977లో కెనడాలోని మాంట్రియాల్‌లో, కాంకార్డియా విశ్వవిద్యాలయంలో జరిగిన సదస్సులో తన పద్ధతిని వివరించాడు. సెకనుకు 2500 సార్లు మారే కరెంటును సెకనుకు 50 విడతలుగా తుంచి ఇవ్వాలి, 10 సెకన్లు బిగింపు, 50 సెకన్ల విశ్రాంతి, మొత్తం 10 బిగింపులు, అంతే. రోజుకు పది నిమిషాల పని. దీనితో ఆరితేరిన క్రీడాకారుల బలం కూడా 40 శాతం దాకా పెరుగుతుందని అతను చెప్పాడు. ప్రచ్ఛన్న యుద్ధ కాలం, సోవియట్ క్రీడాకారులు ఒలింపిక్స్‌లో పతకాలు మూటగట్టుకుంటున్న రోజులు. పశ్చిమ దేశాల ప్రయోగశాలలు ఎగబడి ప్రయత్నించాయి. బలం పెరగడం నిజమే గానీ 40 శాతం మాట మాత్రం చాలా చోట్ల తేలలేదు. మూల పరిశోధనలు రష్యన్ భాషలోనే ఉండిపోవడం వల్ల ఆ ఆకర్షణ మరీ ఎక్కువ కాలం నిలిచింది. ‘రష్యన్ కరెంటు’ పేరుతో ఆ ఏర్పాటు నేటికీ యంత్రాల మీద ఒక మీటగా మిగిలే ఉంది.

కరెంటు కండరంలో ఏం చేస్తుంది

కండరపు పోగు కంటే దానికి ఆజ్ఞ తెచ్చే నరం తీగ చాలా తక్కువ విద్యుత్తుకే స్పందిస్తుంది. కాబట్టి మామూలు యంత్రాలన్నీ పని చేయించేది నరం ద్వారానే. నరం పూర్తిగా తెగిపోయిన కండరానికి ఇవి పనికిరావు. అప్పుడు కొన్ని వందల మైక్రోసెకన్ల బదులు పదుల, వందల మిల్లీసెకన్ల పొడవున్న తరంగాలు కావాలి. అది వేరే యంత్రం, వేరే శాస్త్రం.

మనం ఇష్టపడి కాలు బిగించినప్పుడు శరీరం పొదుపుగా నడుస్తుంది. చిన్న నరకణాలతో ముడిపడి, తొందరగా అలిసిపోని పోగులు ముందు పనిలోకి దిగుతాయి. బరువు పెరిగేకొద్దీ పెద్దవి వచ్చి చేరతాయి. వరినాట్లలో కూలీలు వంతులు మార్చుకున్నట్టు ఒక గుంపు పనిచేస్తుంటే ఇంకో గుంపు ఊపిరి తీసుకుంటుంది. యంత్రం పంపే కరెంటుకు ఈ తెలివి లేదు. ప్యాడ్‌కు దగ్గరగా ఉన్న నరం తీగలన్నిటినీ, చిన్నా పెద్దా తేడా లేకుండా, ఒకేసారి, మళ్లీ మళ్లీ లేపుతుంది. దీనికి రెండు ఫలితాలున్నాయి. తక్కువ బిగింపులోనే వేగంగా పనిచేసే పెద్ద పోగులు కూడా కదులుతాయి, మామూలుగా అయితే వాటిని కదిలించాలంటే భారీ బరువులు ఎత్తాలి. ఇది లాభం. అవే పోగులు పదే పదే పని చేయడంతో కండరం త్వరగా డస్సిపోతుంది. ఇది నష్టం. బిగింపుల మధ్య యాభై సెకన్ల విరామం ఉండాలన్న కోట్స్ నియమం దీని కోసమే.

కరెంటు కండరానికి వెళ్లే తీగలనే కాక, చర్మం నుంచి, కండరం నుంచి మెదడుకు వార్త తెచ్చే తీగలను కూడా తాకుతుంది. ఒక కాలికి కొన్ని వారాలు ప్రేరణ ఇస్తే రెండో కాలి బలం కూడా కొంత పెరిగిన సందర్భాలు పరిశోధనల్లో కనిపిస్తాయి. తొలి వారాల్లో వచ్చే బలం కండరం లావెక్కడం వల్ల వచ్చినది కాదు, నాడీ మండలం తిరిగి దారి నేర్చుకోవడం వల్ల వచ్చినది.

వ్యాయామంతో కలిపే తీరులు

విద్యుత్తును, వ్యాయామాన్ని జోడించడంలో ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది ఒకదాని మీద ఒకటి. కరెంటు వచ్చిన క్షణాన రోగి కూడా తన శక్తి కొద్దీ కాలు బిగించాలి. రెండోది విడివిడిగా. ఒక పూట ప్రేరణ, ఇంకో పూట మామూలు వ్యాయామం, లేదా ఒకే పూటలో ఒకటి అయ్యాక ఇంకొకటి. ఫ్రాన్స్‌కు చెందిన తియెరీ పయార్ 2008లో ఈ రెంటినీ పోల్చి సమీక్ష రాశాడు. కాగితం మీద మొదటిదే గొప్పగా కనిపిస్తుంది. ఆరోగ్యవంతుల విషయంలో మాత్రం ఒకేసారి కలిపి చేయడం వల్ల ప్రత్యేకంగా ఒరిగేది కనబడలేదు. విడివిడిగా చేసినవారికి దూకడం లాంటి పనుల్లో లాభం ఎక్కువ. వాలీబాల్ ఆటగాళ్ల మీద 2002లో నికోలా మఫియులెట్టి బృందం చేసిన అధ్యయనంలో, ఎగిరి దూకే కసరత్తుతో పాటు తొడ, పిక్కలకు నాలుగు వారాలు ప్రేరణ ఇస్తే దూకే ఎత్తు పెరిగింది.

రోగుల సంగతి వేరు. ఆపరేషన్ తర్వాత తొలి వారాల్లో రోగి బిగింపూ యంత్రం బిగింపూ కలవడం వల్ల కాలు ఎలా బిగించాలో గుర్తుకు వస్తుంది. పద్ధతి ఇలా సాగుతుంది. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి మంచం మీద కాలు చాపిస్తారు. కరెంటు మెల్లగా పెరుగుతున్నట్టు అనిపించగానే తువ్వాలును కిందికి అదిమి, మడమను పైకి లేపమంటారు. మన ఫిజియోథెరపిస్టులు దీన్ని స్టాటిక్ క్వాడ్స్ అంటారు. రోజులు గడిచేకొద్దీ కుర్చీలో కూర్చుని కాలు చాచడం, కుర్చీ నుంచి లేచి నిలబడడం, చిన్న మెట్టు ఎక్కి దిగడం ఒకదాని తర్వాత ఒకటి చేరతాయి. రోగి సొంతంగా గట్టిగా బిగించగలిగిన రోజున యంత్రం పని తీరినట్టే.

మూడో తీరు జపాన్‌ది, కాస్త విచిత్రమైనది. కురుమే విశ్వవిద్యాలయానికి చెందిన నావొటో షీబా బృందం రూపొందించిన హైబ్రిడ్ పద్ధతిలో, కదలికకు ఎదురుగా లాగే కండరానికి కరెంటు ఇస్తారు. మనిషి కాలు చాచబోతే తొడ వెనక కండరం యంత్రం ఆజ్ఞతో బిగిసి అడ్డు పడుతుంది. మడవబోతే ముందు కండరం అడ్డుతుంది. బరువు బిళ్లలు, ఇనుప కడ్డీలు అక్కర్లేదు, తన ఒళ్లే తనకు బరువు. భారం లేని అంతరిక్షంలో ఇది ఉపయోగపడుతుందేమోనని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఒక వ్యోమగామి చేతి మీద నాలుగు వారాలు పరీక్షించి, 2015లో ఫలితాలు ప్రచురించారు. ఒక్క మనిషి, ఒక్క చేయి కనుక దాన్ని ఆరంభంగానే చూడాలి.

మోతాదు

ఎక్కువ క్లినిక్‌లలో చికిత్స విఫలమయ్యేది ఇక్కడే. కండరం బలం పెరగాలంటే సెకనుకు 50 నుంచి 75 తరంగాలు, ఒక్కో తరంగం 250 నుంచి 400 మైక్రోసెకన్లు, రెండు దిశల్లోనూ సమానంగా ప్రవహించే కరెంటు మామూలు కొలతలు. ప్యాడ్లు పెద్దవిగా ఉండాలి. చిన్న ప్యాడ్ల కింద కరెంటు ఒకేచోట పోగుపడి చర్మానికి మంట పుట్టిస్తుంది. ఒకటి తొడ పైభాగంలో బయటి వైపు, ఇంకొకటి చిప్పకు పైన లోపలి వైపు వాస్టస్ మీడియాలిస్ మీద పెడతారు.

ఈ అంకెల కంటే ముఖ్యమైనది బిగింపు ఎంత గట్టిగా వచ్చిందన్నది. డెలవేర్‌లో లిన్ స్నైడర్ మాక్లర్ బృందం 1990లలో చేసిన పరిశోధనల సారం ఏమిటంటే, కరెంటుతో వచ్చిన బిగింపు ఎంత బలంగా ఉంటే తిరిగొచ్చిన బలం అంత ఎక్కువ. మోకాలి ముందు లిగమెంట్‌ను పునర్నిర్మించిన 110 మందిని వాళ్లు 1995లో పోల్చి చూశారు. నాలుగు వారాల చికిత్స తర్వాత గట్టి కరెంటు అందుకున్నవారి క్వాడ్రిసెప్స్ బలం రెండో కాలితో పోలిస్తే 70 శాతం, ఆపైన చేరింది. గట్టిగా వ్యాయామం మాత్రమే చేసినవారిది 57 శాతం. బ్యాటరీ యంత్రంతో తేలిక కరెంటు అందుకున్నవారిది 51 శాతం. తేలిక కరెంటు వ్యాయామానికి సాటి రాలేదన్న మాటను గమనించాలి.

అందుకే ఈ చికిత్స సుఖంగా ఉండదు. చీమలు పాకినట్టు ఉండే దశ దాటాలి, కండరం కదిలే దశ దాటాలి, గట్టిగా పట్టి బిగిసే దశకు రావాలి. రోగి ఎంత ఓర్చుకోగలిగితే అంత వరకు కరెంటు పెంచుతారు. నాలుగైదు బిగింపుల తర్వాత శరీరం అలవాటు పడుతుంది, అప్పుడు మరికొంత పెంచాలి. చర్మం కింద కొవ్వు మందంగా ఉన్నవారికి అదే బిగింపు రావడానికి ఎక్కువ కరెంటు కావాలి, కాబట్టి అసౌకర్యం కూడా ఎక్కువ. కొందరు ఎంత నచ్చజెప్పినా తట్టుకోలేరు. వారిని బలవంతపెట్టడం అనవసరం.

పరిశోధనలు ఏం తేల్చాయి

మోకీలు మార్పిడి విషయంలో బాగా పేరొచ్చిన పరీక్ష జెనిఫర్ స్టీవెన్స్ లాప్స్లీ బృందం 2012లో ప్రచురించినది. 66 మందిలో ఒక సగానికి మామూలు ఫిజియోథెరపీ, ఇంకో సగానికి దానితో పాటు ప్రేరణ ఇచ్చారు. ఆపరేషన్ అయిన 48 గంటలకే మొదలుపెట్టి, రోజుకు రెండు పూటలా, పూటకు 15 బిగింపుల చొప్పున ఆరు వారాలు. ఒక్కో బిగింపు 15 సెకన్లు, విశ్రాంతి 45 సెకన్లు. అంటే రోజు మొత్తానికి అరగంట. మూడున్నర వారాలకే బలంలోనూ నడకలోనూ తేడా కనిపించింది. ఏడాది తర్వాత చూసినా, తేడా తగ్గింది గానీ పూర్తిగా చెరిగిపోలేదు. అంతకు రెండేళ్ల ముందు, 2010లో, వైద్య పరీక్షలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ రెండే పరీక్షలు దొరికాయంటూ ఏదీ తేల్చలేకపోయింది. తర్వాతి దశాబ్దంలో చిత్రం మారింది. అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్ 2020లో మోకీలు మార్పిడి తర్వాత ప్రేరణ వాడాలని బలమైన సిఫారసు చేసింది. లిగమెంట్ పునర్నిర్మాణం తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు వ్యాయామానికి తోడుగా వాడాలని అదే సంస్థ మార్గదర్శకాలు 2017లోనే చెప్పాయి.

మంచం దిగితే ఆయాసం వచ్చే రోగులకు ఇది మరో విధంగా ఉపయోగపడుతుంది. ఊపిరితిత్తుల మీద భారం వేయకుండా తొడను పని చేయించవచ్చు. తీవ్రమైన దీర్ఘకాలిక శ్వాస జబ్బు ఉన్న 52 మందికి బ్రిటన్‌లో ఇంటి దగ్గరే ఆరు వారాలు, రోజుకు అరగంట ప్రేరణ ఇచ్చి చూశారు. 2016లో వచ్చిన ఫలితాల్లో, ఆరు నిమిషాల్లో నడవగలిగే దూరం ఉత్తుత్తి కరెంటు ఇచ్చినవారి కంటే సుమారు 35 మీటర్లు ఎక్కువ. ప్రేరణ ఆపాక కొద్ది వారాల్లోనే ఆ లాభం జారిపోయింది. ముదిరిన జబ్బులున్నవారి మీద జరిగిన 18 అధ్యయనాలను, అంటే 933 మందిని, అదే ఏడాది కాక్రేన్ సమీక్షించింది. తొడ బలం పెరుగుతుందని తేల్చింది, ఆధారాల నాణ్యత మాత్రం గొప్పగా లేదని కూడా రాసింది. ఐసీయూ రోగుల విషయంలో ఫలితాలు ఒకదానికొకటి పొసగడం లేదు.

ఆరోగ్యవంతుల సంగతి 2005లోనే తేలిపోయింది. లియోన్ బాక్స్ బృందం 35 పరీక్షలను కలిపి చూసి చెప్పింది ఇదే: ఏమీ చేయకుండా కూర్చోవడం కంటే ప్రేరణ మేలు, ప్రేరణ కంటే స్వయంగా చేసే వ్యాయామం మేలు.

తెలుగునాట

మన ఊళ్లలో ఫిజియోథెరపీకి జనం పెట్టుకున్న పేరు ‘కరెంటు పెట్టించుకోవడం’. ఈ ఒక్క మాట కింద నొప్పి తగ్గించే టెన్స్, ఐఎఫ్‌టీ, కండరాన్ని కదిలించే స్టిమ్యులేషన్, అసలు కరెంటే కాని అల్ట్రాసౌండ్ కూడా వచ్చి చేరాయి. నొప్పి కోసం ఇచ్చే కరెంటు హాయిగా జివ్వుమంటుంది, కండరాన్ని బిగించదు. పదిహేను నిమిషాలు అది పెట్టించుకుని, వ్యాయామం ఎగ్గొట్టి ఇంటికి వచ్చేసే రోగికి తొడ బలం పెరగదు. తప్పు రోగిది మాత్రమే కాదు. వరుసలో పది మంది కూర్చున్న క్లినిక్‌లో, ఒక్కొక్కరి పక్కన నిలబడి ప్రతి బిగింపుకూ కరెంటు సరిచూసే తీరిక ఎవరికీ ఉండదు. యంత్రం తగిలించి పక్క మంచానికి వెళ్లిపోవడం సులువు. ఈ చికిత్సకు మాత్రం మనిషి పక్కన ఉండడమే ప్రాణం.

ఫిజియోథెరపీ సహా అనుబంధ వైద్య వృత్తులకు దేశవ్యాప్త నియంత్రణ కోసం పార్లమెంటు 2021లో జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఇంటికి వచ్చి చికిత్స చేసేవారి అర్హత అడిగి తెలుసుకోవడం రోగి హక్కు.

ప్రమాదాలు, ప్రకటనలు

శరీరంలో పేస్‌మేకర్ గానీ, గుండెకు షాక్ ఇచ్చే పరికరం గానీ ఉన్నవారికి హృద్రోగ నిపుణుడి అనుమతి లేకుండా విద్యుత్ ప్రేరణ ఇవ్వరు. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినప్పుడు, ఆ భాగంలో కేన్సర్ ఉన్నప్పుడు, మానని పుండు మీద వాడరు. గర్భిణులకు పొట్ట, నడుము మీద వాడరు. మోకాల్లో అమర్చిన లోహపు కీలు మాత్రం ఈ కరెంటుకు అడ్డంకి కాదు. లోతుగా వేడి పుట్టించే షార్ట్‌వేవ్ చికిత్సకు అడ్డంకి అవుతుంది. ఈ తేడా తెలియక ఆపరేషనైన వారికి ఏ యంత్రమూ వద్దని చెప్పేవాళ్లూ ఉన్నారు. మధుమేహం వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవారికి చర్మం కాలుతున్నా తెలియదు. వారు సొంతంగా యంత్రం పెట్టుకోకూడదు.

ఒంటినిండా తడి జాకెట్ తొడిగి అన్ని కండరాలనూ ఒకేసారి కుదిపే జిమ్‌లు యూరప్‌లో మొదలై ఇప్పుడు మన నగరాలకూ వచ్చాయి. తొలిరోజే అతిగా చేస్తే కండరపు పోగులు చిట్లి, వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీసే రాబ్డోమయోలిసిస్ అనే ప్రమాదం ఉంది. ఇజ్రాయెల్‌లో ఇలాంటి కేసులు వెలుగులోకి వచ్చాక అక్కడి ఆరోగ్య శాఖ హెచ్చరిక జారీ చేసింది. ఇలాంటి యంత్రాలు నడిపేవారికి ప్రత్యేక శిక్షణ ఉండాలని జర్మనీ నిబంధన తెచ్చింది. కసరత్తు తర్వాత మూత్రం ముదురు టీ రంగులోకి మారితే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

టీవీల్లో, ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్మే బెల్టులు, సీతాకోకచిలుక ఆకారపు ప్యాడ్లు కూర్చున్న చోటే కొవ్వు కరిగిస్తామని ప్రచారం చేస్తాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2002లో ఇలాంటి మూడు బెల్టుల ప్రకటనలు అబద్ధమంటూ కేసులు పెట్టింది. బరువు తగ్గించడానికీ చుట్టుకొలత తగ్గించడానికీ ఏ కండర ప్రేరణ యంత్రానికీ అనుమతి ఇవ్వలేదని అక్కడి ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది. మోకాలి ఆపరేషన్ చేయించుకున్నవారు ఇంటికి యంత్రం కొనే ముందు ఫిజియోథెరపిస్టును మూడు ప్రశ్నలు అడగాలి: ఇది నొప్పికా, బలానికా? పూటకు ఎన్ని బిగింపులు? కరెంటు వచ్చినప్పుడు నేను చేయాల్సిన వ్యాయామం ఏమిటి? మూడోదానికి జవాబు రాకపోతే ఆ యంత్రం కొనకండి.